బరోక్ కాన్చెర్టో వినికిడి పాఠాలు – 5: ఏడుగురు వాద్యకారులు, ఎనిమిది వరుసలు

ముందు గత పాఠంలో ఇచ్చిన అభ్యాసానికి జవాబు. పక్షుల కిలకిల వినిపించే చోట వాద్యబృందంలో ఏం మారుతుందో విని రాయమన్నదే ఆ అభ్యాసం. వివాల్డి ‘వసంతం’ కాన్చెర్టో (సోలో వాద్యానికీ బృందానికీ మధ్య నడిచే రచన) మొదటి భాగంలో పక్షుల కిలకిల వినిపించే చోట సోలో వయొలిన్‌తో పాటు వాద్యబృందం నుంచి మరో రెండు వయొలిన్లు మాత్రమే ఉంటాయి. వయోలా, చెల్లో (వయొలిన్ కంటే పెద్దవైన, కింది స్థాయి తీగవాద్యాలు), హార్ప్సికార్డ్ (లోపలి తీగల్ని మీటే కీబోర్డు వాద్యం) అక్కడ మౌనం. ‘శబ్దం తగ్గింది’ అని మాత్రమే రాసుకుంటే సగం జవాబే అయింది. ఎవరు ఆగారన్నది రాయడమే మనకు కావలసిన నైపుణ్యం. కింద బాస్ లేకపోవడం వల్లే ఆ మూడు వయొలిన్లు గాల్లో తేలుతున్నట్టు ఉంటాయి.

ఈ పాఠానికి బాఖ్ రాసిన బ్రాండెన్‌బర్గ్ కాన్చెర్టోల్లో ఐదోదాన్ని తీసుకుందాం. డి మేజర్, బాఖ్ రచనల పట్టికలో (బి.డబ్ల్యు.వి.) 1050. బాఖ్ 1717 నుంచి 1723 దాకా జర్మనీలోని కోథెన్‌లో లియోపోల్డ్ రాకుమారుడి ఆస్థాన సంగీత నిర్దేశకుడు. ఆరు కాన్చెర్టోల ప్రతిని శుభ్రంగా రాసి, బ్రాండెన్‌బర్గ్ మార్‌గ్రేవ్ (ఒక ప్రభు బిరుదు) క్రిస్టియన్ లుడ్విగ్‌కు అంకితమిస్తూ వేసిన తేదీ 24 మార్చి 1721. దానికి రెండేళ్ల ముందు, 1719లో, కోథెన్ ఆస్థానం కోసం బెర్లిన్‌లో మీట్కే తయారుచేసిన కొత్త హార్ప్సికార్డ్ వచ్చింది. ఈ కాన్చెర్టోలో హార్ప్సికార్డ్‌కు దక్కిన చోటు చూస్తే ఆ వాద్యం గుర్తుకు రాక మానదు.

స్కోర్, అంటే అన్ని వాద్యాల స్వరాలూ ఒకదాని కింద ఒకటి రాసిన ప్రతి, కావాలి. ఐ.ఎం.ఎస్.ఎల్.పి. అనే ఆన్‌లైన్ స్కోర్ల భాండాగారంలో కాపీరైట్ ముగిసిన ముద్రణలు ఉచితంగా దొరుకుతాయి. బార్ (నిలువు గీతల మధ్య ఉండే, మన ఆవర్తం లాంటి ముక్క) నంబర్లు ఉన్న ప్రతిని ఎంచుకోండి. లేకపోతే ప్రతి వరుస మొదట్లో పెన్సిల్‌తో మీరే వేసుకోండి. ఆ పని విసుగ్గానే ఉంటుంది, కానీ అది లేకుండా ఈ పాఠం ముందుకు సాగదు.

ఎవరెవరు ఉన్నారు

బాఖ్ అడిగిన వాద్యాలు ఇవి: అడ్డంగా పట్టి వాయించే ఫ్లూట్, ప్రధాన వయొలిన్, రిపియెనో వయొలిన్, రిపియెనో వయోలా, చెల్లో, వయొలోనే (పెద్ద బాస్ తీగవాద్యం), హార్ప్సికార్డ్. గొంతుకు, అంటే ఒక్కో వాద్యపు వరుసకు, ఒక్కరు చొప్పున వాయిస్తే మొత్తం ఏడుగురు. ఫ్లూట్, ప్రధాన వయొలిన్, హార్ప్సికార్డ్ ముగ్గురూ సోలో బృందం, అంటే కాన్చెర్టీనో. మిగతా నలుగురూ రిపియెనో, అంటే నిండుదనం ఇచ్చే బృందం.

ఇందులో రెండో వయొలిన్ వరుస లేదన్నది గమనించండి. ఆ కాలపు తీగవాద్య బృందంలో మామూలుగా రెండు వయొలిన్ వరుసలు, ఒక వయోలా, బాస్ ఉంటాయి. ఇక్కడ పైన ఒకటే వయొలిన్, మధ్యలో వయోలా, కింద బాస్. మధ్య స్థాయి పలచబడుతుంది. రిపియెనో వాయించేటప్పుడు ఆ ఖాళీని నింపేది హార్ప్సికార్డ్ కుడిచెయ్యి. కానీ ఆ చెయ్యే సోలో పరుగులు తీసేటప్పుడు నింపడానికి ఇంకెవరూ ఉండరు, ఎందుకంటే బృందంలో రెండో కీబోర్డు లేదు. ఈ ఒక్క విషయం పట్టుకుంటే కాన్చెర్టో మొత్తంలో టెక్స్చర్, అంటే ఒకేసారి మోగే గొంతుల అల్లిక, ఎందుకు ఒకసారి చిక్కబడుతుందో, ఒకసారి పలచబడుతుందో సగం తెలిసిపోతుంది.

అప్పటి ఫ్లూట్ చెక్కది. ఆరు వేలి రంధ్రాలు, ఒకే ఒక మీట. అన్ని రంధ్రాలూ మూస్తే వచ్చే అట్టడుగు స్వరం డి. వేళ్లు ఒక్కొక్కటిగా ఎత్తుకుంటూ పోతే వచ్చే సహజమైన వరుస డి మేజర్. అందుకే ఈ శ్రుతిలో ఆ ఫ్లూట్ తేటగా పలుకుతుంది. వయొలిన్‌కి కూడా జి, డి, ఎ, ఇ తీగలు నాలుగూ ఈ స్కేల్లోనే ఉన్నాయి. అయితే ఫ్లూట్ కింది స్వరాల్లో గొంతు మెత్తన, పైకి వెళ్లేకొద్దీ పదును. దాన్ని కింది స్థాయిలో వాడినప్పుడు చుట్టుపక్కల వాద్యాలు తగ్గకపోతే వినపడదు.

హార్ప్సికార్డ్ మీటను ఎంత బలంగా నొక్కినా తీగను మీటే ఈకముక్క ఒకేలా మీటుతుంది, శబ్దం పెద్దగా పెరగదు. స్వరం త్వరగా కరిగిపోతుంది కూడా. కాబట్టి ఒక గీతను వాయింపు బలంతో ముందుకు తేవడం దానికి కుదరదు. బాఖ్ ఆ పని ట్రిల్లులతో (పక్కపక్క స్వరాలు రెండింటిని వేగంగా మార్చి మార్చి వాయించడం), సన్నని పరుగులతో, అన్నిటికంటే ముఖ్యంగా చుట్టూ ఉన్నవాళ్లను ఆపడం ద్వారా చేస్తాడు.

ఒకే వాద్యం, రెండు ఉద్యోగాలు

మొదటి భాగం తొలి బార్లలో రిపియెనో అంతా ఒక్కసారిగా మొదలవుతుంది. ప్రధాన వయొలిన్ వాయించేది రిపియెనో వయొలిన్ వాయించే స్వరాలే. ఫ్లూట్‌కి విరామం. హార్ప్సికార్డ్ ఎడమచెయ్యి బాస్ వాయిస్తుంది, కుడిచెయ్యికి బాఖ్ స్వరాలు రాయడు, బాస్ గీత దగ్గర అంకెలు వేస్తాడు. ఆ అంకెల్ని చూసి వాద్యకారుడే స్వరమేళాల్ని (కార్డ్‌లు, అంటే ఒకేసారి మోగే స్వరాల కలయికలు) అల్లుకోవాలి. దీన్నే కాంటిన్యువో అంటారు.

అంకెలు చదవడం కష్టం కాదు. డి ని షడ్జం అనుకుందాం. బాస్‌లో ఎఫ్ షార్ప్, అంటే గాంధారం ఉండి, దాని దగ్గర 6 అని ఉంటే, ఆ స్వరాన్ని ఒకటిగా లెక్కపెట్టి మూడోదీ ఆరోదీ కలపాలి. గ నుంచి మూడోది ప, ఆరోది పై స. గ, ప, స మూడూ కలిసి మోగుతాయి. అంకె ఏదీ లేకపోతే మూడోదీ ఐదోదీ: బాస్‌లో స ఉంటే పైన గ, ప.

తొమ్మిదో బార్ నుంచి సోలో బృందం ప్రవేశిస్తుంది. అక్కడ హార్ప్సికార్డ్ కుడిచేతి వరుసలో స్వరాలన్నీ పూర్తిగా రాసి ఉంటాయి. అంకెలు మాయమై స్వరాలు కనిపిస్తే అది ఉద్యోగం మారిందనడానికి గుర్తు. ఫ్లూట్, ప్రధాన వయొలిన్ మాటామాటా అనుకుంటుంటే హార్ప్సికార్డ్ వాటితో సమానమైన మూడో గొంతు అవుతుంది. రిపియెనో అప్పుడు తక్కువ స్వరాలతో, మెల్లగా, ఊతంగా ఉంటుంది.

స్కోర్‌లో ఒక జాగ్రత్త. కొన్ని ముద్రణల్లో అంకెలున్న చోట కుడిచేతి వరుస ఖాళీగా ఉంటుంది, మరికొన్నిట్లో సంపాదకుడు నింపిన స్వరమేళాలు చిన్న నోట్లతో అచ్చవుతాయి. ఆ చిన్న నోట్లు బాఖ్‌వి కావు. రికార్డింగ్‌లో వాద్యకారుడు వేరే స్వరమేళాలు వాయిస్తాడు, వాయించాలి కూడా. ‘స్కోర్‌కీ శబ్దానికీ పొంతన లేదే’ అని అక్కడ కంగారుపడకండి.

పటం తయారీ

ఇక అసలు పని. దీనికి మూడో భాగం బాగా సరిపోతుంది. అలెగ్రో (చురుకైన నడక), 2/4 (బార్‌కు రెండు లెక్కలు), మొత్తం 310 బార్లు, రికార్డింగుల్లో సుమారు ఐదు నిమిషాలు. నిర్మాణం మూడు ముక్కలు: 1 నుంచి 78 దాకా మొదటి విభాగం, 79 నుంచి 232 దాకా మధ్య విభాగం, 233 నుంచి మళ్లీ మొదటి విభాగమే. మీ ప్రతి 232తో ఆగి ‘డా కాపో’ అని ఉంటే అర్థం అదే, మొదటికి వెళ్లి 78 బార్లు మళ్లీ చదవాలి.

గళ్ల కాగితం అడ్డంగా పెట్టుకోండి. ఒక గడి అంటే ఒక బార్. 78 గడులు ఒక కాగితంలో పట్టకపోతే రెండు అతికించండి. నిలువున ఎనిమిది వరుసలు: ఫ్లూట్, ప్రధాన వయొలిన్, హార్ప్సికార్డ్ కుడిచెయ్యి, హార్ప్సికార్డ్ ఎడమచెయ్యి, రిపియెనో వయొలిన్, వయోలా, చెల్లో, వయొలోనే. హార్ప్సికార్డ్ ఒకరే వాయించినా రెండు చేతులకూ రెండు వరుసలు తప్పనిసరి, ఎందుకో కాసేపట్లో తెలుస్తుంది.

గడిలో వాద్యం మోగుతోందా లేదా అని టిక్కు పెట్టడం చాలదు. అది ఏ పని చేస్తోందో రాయండి. ‘వి’ అంటే విషయం, అంటే ప్రధాన వరస. ‘జ’ అంటే దానికి జవాబు. ‘ఎ’ అంటే విషయానికి ఎదురుగా నడిచే స్వతంత్ర గీత. ‘జో’ అంటే ఇంకో గీతతో జోడీగా, మూడో స్వరం లేదా ఆరో స్వరం దూరంలో కలిసి నడవడం. ‘స’ అంటే ఇంకో వాద్యం వాయించే స్వరాల్నే వాయించడం. ‘ప’ పరుగు. ‘ఆ’ ఆధారం, అంటే బాస్. ‘నిం’ మధ్యలో నింపడం. మౌనమైతే గడి ఖాళీ.

క్రమం ముఖ్యం. మొదట స్కోర్ లేకుండా రెండుసార్లు వినండి, రెండోసారి మొదటి విభాగం వరకే. తర్వాత స్కోర్ చూస్తూ, ఒక్కోసారి విన్నప్పుడు ఒకే వరుస నింపండి. ఎనిమిదింటినీ ఒకేసారి నింపాలని చూస్తే చెవి పైగీత మీదికే జారిపోతుంది. వేగం అందకపోతే ప్లేయర్‌లో 0.75 పెట్టుకోవచ్చు. అంతకంటే తగ్గించకండి: హార్ప్సికార్డ్ స్వరం కరిగే తీరు చెడిపోయి, దాన్ని గుర్తుపట్టే ఆనవాలే పోతుంది.

మొదటి 28 బార్లు

ప్రధాన వయొలిన్ ఒంటరిగా మొదలవుతుంది. తోడు లేదు, బాస్ లేదు, స్వరమేళాలు లేవు. జిగ్ నాట్యపు ఊపుతో, మూడేసి స్వరాల గుత్తులతో నడిచే వరస అది. మూడో బార్‌లో ఫ్లూట్ జవాబు చెబుతుంది, వయొలిన్ ఆగకుండా ఎదురు గీతలోకి మారుతుంది. అంటే మూడో గడిలో ఫ్లూట్ వరుసలో ‘జ’, వయొలిన్ వరుసలో ‘ఎ’. ఎనిమిదో బార్ దాకా రెండే గొంతులు, రెండూ పై స్థాయిలోనే.

తొమ్మిదో బార్‌లో మూడో ప్రవేశం. చాలామందికి తప్పిపోయే చోటు ఇదే. విషయాన్ని ఎత్తుకునేది హార్ప్సికార్డ్ ఎడమచెయ్యి. రెండు బార్ల తర్వాత, పదకొండో బార్‌లో, కుడిచెయ్యి జవాబు చెబుతుంది. ముగ్గురు మనుషులు, నాలుగు గొంతుల ఫ్యూగ్, అంటే ఒకే విషయాన్ని గొంతులు ఒకదాని వెనక ఒకటి ఎత్తుకునే అల్లిక. హార్ప్సికార్డ్‌ను ఒకే వరుసలో రాసుకుని ఉంటే ఈ నాలుగో గొంతు మీ పటంలో కనిపించేదే కాదు.

ఎడమచేతి ప్రవేశం ఎందుకు తప్పిపోతుంది? పైన రెండు గొంతులు ఆపకుండా కదులుతుంటాయి. కింద కొత్తగా శబ్దం వినపడగానే ‘బాస్ వచ్చింది, తోడు మొదలైంది’ అని చెవి తీర్పు చెప్పేస్తుంది. పైగా హార్ప్సికార్డ్ తన ప్రవేశాన్ని గట్టిగా చాటుకోలేదు. కర్ణాటక కచేరీలు విని పెరిగిన చెవికి ఈ తీర్పు ఇంకా త్వరగా వస్తుంది. అక్కడ గాత్రం ఒక్కటే నడిపిస్తుంది, వయొలిన్ నీడలా అనుసరిస్తుంది, మిగతాదంతా పక్కవాద్యం. ఆ అలవాటు మంచిదే, కానీ ఇక్కడ నాలుగు గొంతుల్లో ఏదీ పక్కవాద్యం కాదు.

దీనికి మందు గొంతుతో సాధన. విషయం తొలి రెండు బార్లను స్వరాలు తెలియకపోయినా ‘ల ల’ అంటూ గట్టిగా పాడగలిగేలా కంఠస్థం చేయండి. తర్వాత రికార్డింగ్ పెట్టి, వేళ్లతో రెండేసి లెక్కలు వేస్తూ బార్లు ఎంచండి. మామూలు వేగంలో తొమ్మిదో బార్ సుమారు ఎనిమిది సెకన్ల దగ్గర వస్తుంది. సరిగ్గా అక్కడ మీ గొంతుకు వీలైన స్థాయిలో విషయాన్ని ఎత్తుకుని ఎడమచేతితో పాటు పాడండి. కలిస్తే ఆ గీత ఇక ఎప్పటికీ బాస్‌లా వినపడదు. కలవకపోతే లెక్క తప్పిందన్న మాట, మొదటి నుంచి ఎంచండి. మధ్య నుంచి అందుకోవాలని చూడకండి.

28వ బార్ దాకా రిపియెనో వరుసలు నాలుగూ ఖాళీ. పటంలో పై నాలుగు వరుసలు కిక్కిరిసి, కింది నాలుగు తెల్లగా ఉంటే మీ పని సరైన దారిలో ఉంది. 29వ బార్‌లో, అంటే దాదాపు అర నిమిషం దగ్గర, రిపియెనో ప్రవేశం మొదలవుతుంది. అప్పుడు శబ్దం పెరగడమే కాదు, నాలుగు సన్నని గీతలకు అడుగున వెడల్పాటి నేల వస్తుంది. నలుగురూ ఒకే బార్‌లో వచ్చారా, ఒకరి వెనక ఒకరా, ఎవరు ‘వి’, ఎవరు ‘స’, ఎవరు ‘ఆ’ అన్నది స్కోర్ చూసి మీరే నింపండి. 78 దాకా పూర్తిచేస్తే హార్ప్సికార్డ్ వరుసల్లో ‘ప’ ఎక్కడెక్కడ పడిందో చూడండి. అదే గడిలో కింది నాలుగు వరుసలు ఎంత ఖాళీగా ఉన్నాయో పక్కన పెట్టి పోల్చండి.

సాధారణంగా ఎక్కడ తప్పుతుంది

శ్రుతి మొదటి చిక్కు. బరోక్ వాద్యాలతో చేసిన రికార్డింగుల్లో సాధారణంగా ‘ఎ’ స్వరాన్ని 415 హెర్ట్జ్‌కు శ్రుతి చేస్తారు. ఇప్పటి 440 కంటే అది అర స్వరం తక్కువ. స్కోర్‌లో డి అని ఉన్నది మీ కీబోర్డు మీద సి షార్ప్‌గా వినపడుతుంది. మన లెక్కలో చెప్పాలంటే రెండు శ్రుతిలో ఉండాల్సింది ఒకటిన్నరలో ఉంటుంది. ఫోన్ కీబోర్డులో ట్రాన్స్‌పోజ్ ఒక మెట్టు కిందికి దించుకుంటే సరిపోతుంది.

దాంతోపాటు, తంబురా యాప్ పెట్టుకుని వినకండి. ఈ సంగీతంలో షడ్జం ఒకచోట నిలబడదు. డి నుంచి ఎ కి, బి మైనర్‌కి కదులుతుంది, ఆ కదలికను బాస్ చూపిస్తుంది. తంబురా మోగుతుంటే బాస్ చెప్పేది వినపడదు.

లయలో ఇంకో చిక్కుంది. మూడో భాగంలో కొన్నిచోట్ల చుక్క ఉన్న స్వరం, దాని పక్కన చిన్న స్వరం రాసి ఉంటాయి. పైన ఇంకో గొంతులో మూడేసి గుత్తులు. ఆ కాలపు పద్ధతిలో చుక్క స్వరాన్ని గుత్తి లయకు ఒదిగేలా వాయిస్తారు, చిన్న స్వరం గుత్తిలోని మూడో స్వరంతో కలిసి పడుతుంది. నొటేషన్ సాఫ్ట్‌వేర్ ఇది ఎరగదు. రాసింది రాసినట్టు వాయించి, రెండు గొంతులూ ఒకదానికొకటి తగులుకుంటున్నట్టు వినిపిస్తుంది. అందుకే కంప్యూటర్ వాయింపుతో కాక మనుషుల రికార్డింగ్‌తోనే సాధన చేయండి.

రికార్డింగ్ ఎంపిక గురించి: గొంతుకు ఒక్కరు వాయించినది తీసుకోండి. పెద్ద బృందంతో చేసిన పాత రికార్డింగుల్లో రిపియెనో బరువుకి ఫ్లూట్, హార్ప్సికార్డ్ మునిగిపోతాయి, లేదా మైకులతో వాటిని అసహజంగా ముందుకు లాగుతారు. హార్ప్సికార్డ్ బదులు పియానో వాడినవి కూడా ఈ పాఠానికి పనికిరావు. పియానిస్టు తొమ్మిదో బార్‌లో ఎడమచేతిని గట్టిగా నొక్కి చూపించేస్తాడు, మీ చెవికి పని మిగలదు.

గొంతుకు ఒక్కరు ఉన్నప్పుడు ప్రధాన వయొలిన్‌కీ రిపియెనో వయొలిన్‌కీ మధ్య శబ్దంలో తేడా ఉండదు, రెండూ ఒక్కో వయొలినే. చెవి అనుమానపడితే స్కోర్ చూడండి. రెండు వరుసల్లోనూ ఒకే స్వరాలుంటే కింది వరుసలో ‘స’ రాసి ముందుకు సాగండి.

మధ్య విభాగం, ఆపైన రెండో భాగం

79వ బార్ నుంచి బి మైనర్. విషయమే మెత్తబడి పాటలా సాగుతుంది. ఇక్కడ ఒక గడికి నాలుగు బార్ల చొప్పున చాలు. మొదటి విభాగమంత నిశితంగా నింపాల్సిన పని లేదు. చూడాల్సింది ఒక్కటే: పాటలాంటి వరస ఎవరి చేతిలో ఉన్నప్పుడు కింద ఎవరున్నారు.

పటం గీయడం చేతికొచ్చిందో లేదో తేల్చేది రెండో భాగం, ‘అఫెట్టువోసో’. ఇదీ బి మైనరే. రిపియెనో పూర్తిగా మౌనం, ముగ్గురు సోలో వాద్యకారులే. వాద్యాలు మారవు, ఒకరు తగ్గేదీ లేదు, పెరిగేదీ లేదు. అయినా టెక్స్చర్ మారుతూనే ఉంటుంది, ఎందుకంటే హార్ప్సికార్డ్ కుడిచెయ్యి ఒకచోట అంకెల ప్రకారం స్వరమేళాలు నింపుతుంది, ఇంకోచోట ఫ్లూట్, వయొలిన్‌లతో సమానంగా రాసిన గీత వాయిస్తుంది. ఫ్లూట్, వయొలిన్, బాస్, నింపుడు స్వరమేళాలు అన్నప్పుడు అది ట్రయో సొనాటా, అంటే రెండు పై గీతలు, ఒక బాస్ ఉండే రచన. కుడిచెయ్యి గీతగా మారిన మరుక్షణం నాలుగు స్వతంత్ర గొంతులు. వాద్యాల పేర్లు మాత్రమే రాసేవారికి ఈ భాగం మొదటి నుంచి చివరిదాకా ఒకేలా కనిపిస్తుంది.

వచ్చే పాఠానికి చేయాల్సినవి

మూడో భాగం మొదటి విభాగం 78 గడుల పటం పూర్తిచేయండి. రెండో భాగానికి మూడు వరుసలు కాక నాలుగు వరుసల పటం వేసి, ‘నిం’ నుంచి గీతకు మారే ప్రతి బార్ నంబర్‌ను కింద రాయండి.

ఇంకొకటి, కాస్త కష్టమైనది. మూడో భాగం ప్రధాన వయొలిన్ వరుస మొత్తం చూసి, అది ఫ్లూట్ అట్టడుగు డి కంటే కిందికి, అంటే వయొలిన్ జి తీగ మీది స్వరాల్లోకి దిగే చోట్లు ఎరుపుతో గుర్తు పెట్టండి. ఆ బార్లలో ఫ్లూట్‌కీ వయొలిన్‌కీ వరుసలు ఇచ్చిపుచ్చుకోవడం అసాధ్యం. మిగతా చోట్ల సాధ్యమే. సాధ్యమైన ఏదైనా ఒక నాలుగు బార్లలో రెండు వరుసల్నీ తారుమారు చేసి నొటేషన్ సాఫ్ట్‌వేర్‌లో రాసుకోండి. ఇక్కడ మాత్రం కంప్యూటర్ వాయింపు పనికొస్తుంది. ఏం పోయిందో రెండు వాక్యాల్లో రాయండి.

వచ్చే పాఠం మొదటి భాగం మీద. అందులో 154 నుంచి 218 దాకా 65 బార్లు మిగతా ఆరుగురూ ఆగిపోయి హార్ప్సికార్డ్ ఒక్కటే వాయిస్తుంది, ఆ తర్వాత 219లో మొదటి రిటర్నెల్లో, అంటే ఆరంభంలో బృందమంతా వాయించిన భాగం, తిరిగొస్తుంది. ఆ 65 బార్లను ఒకసారి స్కోర్ లేకుండా విని, ఎన్ని గొంతులు వినిపించాయో మాత్రం రాసి ఉంచండి.